తెల్లవారుజామున మూడున్నరకు గోడ అవతల గ్రైండరు

ప్రశ్న: మాది కర్నూలులో కల్లూరు వైపు ఒక కాలనీ. మా ఇంటికీ పక్కింటికీ మధ్య గోడ ఒక్కటే. పక్కింటి ఆవిడ భర్త పోయాక రెండేళ్ళ నుంచి ఇంట్లోనే దోసెపిండి, ఇడ్లీపిండి రుబ్బి ప్యాకెట్లు కట్టి అమ్ముతున్నారు. పొద్దున వీధి మొగదల బండి మీద ఉగ్గాని, బజ్జీ, వడ వేస్తారు. తెల్లవారుజామున మూడున్నర నుంచి ఐదున్నర దాకా రెండు పెద్ద గ్రైండర్లు తిరుగుతాయి. మా అత్తగారికి నిరుడు గుండెకు ఆపరేషన్ జరిగింది. మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాడు, వాడి మంచం ఆ గోడ పక్కనే ఉంది. నేను మెల్లగా అడిగితే, "వినాయక చవితికి అర్ధరాత్రి దాకా మైకులు మోగినప్పుడు లేవని నోరు నా పొట్టకూడు దగ్గర లేచిందా అక్కా?" అన్నారు. ఆ మాటకు మా ఆయన గట్టిగా కేకలేశారు, అప్పటి నుంచి రెండిళ్ళ మధ్య మాటల్లేవు. ఫోనులో కొలిస్తే 62 డెసిబెళ్ళు చూపించింది. మా మామగారు ఐదు గంటలకు వసారాలో పెట్టే భక్తి పాటలను కూడా ఆవిడ ఎత్తిచూపుతున్నారు. అదీ ఇదీ ఒకటేనా? ఇంటి మీటరు మీద వ్యాపారం చేస్తున్నారని కరెంటు ఆఫీసుకు రాసిస్తే దారికి వస్తారని మా మరిది అంటున్నాడు. చట్టం మా వైపు ఉందా? స్టేషనుకు వెళ్ళమంటారా?

సమాధానం:

అమ్మా, చట్టం మీ వైపే ఉంది. అయితే ఆ చట్టం ఏ మేరకు మీ వైపు ఉందో, ఎక్కడ ఆగిపోతుందో తెలుసుకోకుండా స్టేషను మెట్లు ఎక్కితే మీకు మిగిలేది ఆవిడతో శాశ్వతమైన పగ మాత్రమే కావచ్చు. అందుకని ముందు లెక్క చూద్దాం.

మన దేశంలో శబ్దానికి హద్దులు పెట్టినది పర్యావరణ పరిరక్షణ చట్టం కింద కేంద్ర ప్రభుత్వం 2000 ఫిబ్రవరిలో తెచ్చిన శబ్ద కాలుష్య నియంత్రణ నియమావళి. అది ఊరిని నాలుగు రకాల ప్రాంతాలుగా విడదీసి, ఉదయం ఆరు నుంచి రాత్రి పది వరకు పగలనీ, రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు రాత్రి అనీ లెక్క కట్టింది. నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్ళు హద్దు. కొండారెడ్డి బురుజు చుట్టూ ఉన్నటువంటి అంగళ్ళ వీధులను వాణిజ్య ప్రాంతంగా ప్రకటిస్తే అక్కడ ఆ హద్దు 65, 55 అవుతుంది. పరిశ్రమలకు 75, 70. ఆసుపత్రులు, బడులు, కోర్టుల చుట్టూ నిశ్శబ్ద మండలంగా ప్రకటించిన చోట 50, 40. ఒక ఇంట్లో వ్యాపారం మొదలైనంత మాత్రాన ఆ కాలనీ వాణిజ్య ప్రాంతం అయిపోదు కాబట్టి, మీకు వర్తించే అంకె రాత్రి 45.

కానీ ఇక్కడే చాలామంది గమనించని మెలిక ఒకటి ఉంది. శబ్దం 45 దాటిన క్షణమే ఫిర్యాదు హక్కు పుట్టదు. హద్దు కన్నా పది డెసిబెళ్ళు గానీ అంతకు మించి గానీ ఎక్కువ ఉన్నప్పుడు, లేదా రాత్రి వేళకు పెట్టిన నిషేధాలను ఎవరైనా ఉల్లంఘించినప్పుడు, అధికారికి ఫిర్యాదు చేయవచ్చునని ఏడో నియమం చెబుతోంది. రాత్రి నిషేధాల్లో లౌడ్‌స్పీకర్లు, వాద్యాలు, నివాస ప్రాంతంలో వాహనాల హారన్లు, కట్టడాల పనికి వాడే మోత యంత్రాలు పేరుపేరునా ఉన్నాయి కానీ పిండి రుబ్బే గ్రైండరు పేరు లేదు. కనుక మీ ఫిర్యాదు నిలబడాలంటే తెల్లవారుజామున 55 గానీ అంతకు మించి గానీ ఉన్నట్టు కొలత ఉండాలి. ఆ కొలత కూడా ఒక క్షణం పైకి లేచి పడిన అంకె కాదు, కొంతసేపటి శబ్దానికి కట్టిన సగటు. అది కూడా ఇంటి లోపల మంచం దగ్గరిది కాదు, బయటి పరిసరాలలో తీసినది. మీ ఫోను చూపిన 62 మీకు ధైర్యాన్ని ఇస్తుంది కానీ అధికారి ముందు సాక్ష్యంగా నిలవదు, ఎందుకంటే ఒక్కో ఫోనుకు మైకు ఒక్కో తీరుగా వింటుంది, దాన్ని ప్రమాణ పరికరంతో ఎవరూ సరిచూడలేదు. అంతమాత్రాన దాన్ని తీసివేయకండి. ఒకే ఫోనుతో, ఒకే చోట, ఒకే వేళలో కొలుస్తూ పోతే నిన్నటికన్నా ఈ రోజు తగ్గిందా పెరిగిందా అన్నది అది నమ్మకంగానే చెబుతుంది. ఆ పని మీకు ముందు ముందు అవసరపడుతుంది.

"రెండు గ్రైండర్లలో ఒకటి ఆపండి చాలు" అని ఆవిడను అడగాలని మీకు తోచవచ్చు. దయచేసి అడగకండి. డెసిబెల్ లెక్క మనం కూరగాయలు తూచే లెక్క లాంటిది కాదు. ఒకే రకం యంత్రాలు రెండు కలిసి తిరిగితే పెరిగేది మూడు డెసిబెళ్ళే, ఒకటి ఆపితే తగ్గేదీ మూడే. 62 కాస్తా 59 అవుతుంది, ఆ తేడా నిద్రలో ఉన్న మనిషికి దాదాపు తెలియదు. మోత సగానికి తగ్గినట్టు చెవికి అనిపించాలంటే పది డెసిబెళ్ళు తగ్గాలి. ఒక యంత్రం ఆపించి రుబ్బుడు సమయాన్ని రెండు గంటల నుంచి నాలుగు గంటలకు పెంచుకున్నవారు అవుతారు, ఆవిడకు నష్టం, మీకు లాభం సున్న.

మరి ఏమి అడగాలి? నా అనుభవంలో గోడ ఒకటే అయిన ఇళ్ళలో వచ్చే తగాదాల్లో సగానికి సగం గాలిలో వచ్చే శబ్దానివి కావు, గోడలోంచి వచ్చే అదురువి. ఈ రాత్రి గ్రైండర్లు తిరుగుతున్నప్పుడు అరచేతిని ఆ గోడకు ఆనించి చూడండి. చేతికి జుమ్మని తెలిస్తే, చెవులు మూసుకున్నా దిండు లోంచి ఆ మోత వినిపిస్తుంటే, అది అదురే. మన ప్రాంతపు వంటిళ్ళ కట్టుబడి తెలిసిందే కదా. గట్టు మీద పరిచే నల్లని కడప బండ అంచును గోడలో రెండు మూడంగుళాల లోతున గాడి తీసి దించి సిమెంటు పూస్తారు. ఆ బండ మీద గానీ, దాని కాళ్ళకు తగిలేలా గానీ యంత్రం పెడితే, ఆ బండే తంబురకు బుర్రలా పనిచేసి మోతనంతా గోడకు అప్పజెబుతుంది. ఒకసారి ఇటువంటి తగాదాలోనే మధ్యవర్తిగా వెళ్ళి చూస్తే, గ్రైండరు నేల మీదే ఉంది, రబ్బరు కాళ్ళూ ఉన్నాయి, కానీ దాని పక్క రేకు గట్టు బండకు ఒక్క చోట ఆనుకుని ఉంది. యంత్రాన్ని జానెడు ఇవతలికి జరిపేసరికి అవతలి గదిలో కూర్చున్న పెద్దాయన లేచి వచ్చి "ఆపేశారా?" అని అడిగారు. ఆపలేదు, తిరుగుతూనే ఉంది.

కాబట్టి యంత్రాలను ఉమ్మడి గోడకు ఎదురు మూలకు మార్చడం, ఒక్కో కాలి కింద మందపాటి రబ్బరు దిమ్మె వేయడం, వదులైన బెల్టునూ అరిగిన బేరింగునూ మార్పించడం అన్నవి మొదట అడగవలసినవి. వీటన్నిటికీ కలిపి అయ్యే ఖర్చు మీరు వకీలుకు మొదటి విడతగా ఇచ్చే దానిలో చిన్న భాగం. రబ్బరు దిమ్మెలు మీరే కొని పట్టుకువెళ్ళమని నా సలహా. ఇంకొకటి కూడా గమనించండి. ఒకే తీరుగా సాగే మోతకు నిద్ర కొంత అలవాటు పడుతుంది కానీ, స్టీలు గంగాళం బండ మీద దబ్బున పడినా, డ్రమ్ము అంచుకు గరిటె కొట్టి పిండి దులిపినా ఉలిక్కిపడి లేస్తాం. గుండె ఆపరేషన్ అయిన మీ అత్తగారు నిజంగా లేస్తున్నది ఏ చప్పుడుకో రెండు రోజులు వేళతో సహా రాసి పెట్టండి. గంగాళం కింద గోనెపట్ట పరిస్తే తీరిపోయే బాధకు గ్రైండరును నిందిస్తున్నామేమో తెలుస్తుంది.

ఇక వేళ విషయం. ఇది అసలైన చోటు, ఎందుకంటే చట్టం కూడా ఇక్కడే మీకు బలంగా ఉంది. ఆ యంత్రమే ఆ మోతే సాయంత్రం ఏడుకు తిరిగితే హద్దు 55, ఫిర్యాదుకు ఆధారం 65కు చేరితేనే. తెల్లవారుజామున నాలుగుకు తిరిగితే అవి 45, 55. అంటే మోతను ఒక్క డెసిబెల్ కూడా తగ్గించకుండా, వేళ మార్చుకున్నంత మాత్రాన ఆవిడ ఫిర్యాదు నుంచి బయటపడవచ్చు. అయితే "వేళ మార్చుకోండి" అని ఊరికే అంటే అది ఉపకారంగా కాక అధికారంగా వినిపిస్తుంది. ఆవిడ బండి మీద ఏమి అమ్ముతున్నారో ఒకసారి ఆవిడ వైపు నుంచి చూడండి. ఉగ్గానికి బొరుగులను నీళ్ళలో తడిపి పిండుకోవాలి, దానికి వేసే పుట్నాల పొడి వారం ముందే కొట్టి పెట్టుకోవచ్చు. బజ్జీకి శనగపిండి చేత్తో కలుపుకుంటే చాలు. ఈ రెండింటికీ గ్రైండరుతో పనే లేదు. తాజాగా కావలసింది వడపిండి ఒక్కటే, అది బండికి సరిపడా రుబ్బడానికి ఒక గ్రైండరు అరగంట తిరిగితే అయిపోతుంది. మిగతా గంటన్నరా పోయేది ప్యాకెట్ల పిండికి. ఆ పిండి కొన్నవాళ్ళ ఇంట్లో ఎలాగూ పులియవలసిందే కనుక దాన్ని తెల్లవారుజామునే రుబ్బాలన్న నియమం ఏదీ లేదు.

ఆవిడ ఒక అభ్యంతరం చెప్పవచ్చు, అందులో నిజం కూడా ఉంది. కర్నూలు ఎండలకు రాత్రి తొమ్మిదికి రుబ్బిన పిండి బయట పెడితే తెల్లారేసరికి పొంగి పులిసిపోతుంది, పులిసిన ప్యాకెట్టును ఎవరూ కొనరు. దానికి సమాధానం ఫ్రిజ్ గానీ, లేదా ప్యాకెట్ల పిండిని మధ్యాహ్నం రుబ్బి సాయంత్రం అమ్ముకోవడం గానీ. రేపటి దోసెకు పిండి కొనేవాళ్ళు ఎక్కువగా సాయంత్రమే కొంటారని ఆవిడకు మీకన్నా బాగా తెలుసు, కానీ భర్త పోయిన కొత్తలో పడిన అలవాటును మార్చుకునే తీరిక ఆవిడకు దొరికి ఉండకపోవచ్చు. "వడపిండి ఆరు తర్వాత రుబ్బుకోండి, ప్యాకెట్ల పిండి పగటికి మార్చుకోండి, మార్చిలో మా అబ్బాయి పరీక్షలు అయ్యే దాకా అయినా చూడండి" అన్న మాటకు ఉన్న బలం "మాకు నిద్ర లేదు" అన్న మాటకు లేదు. ఈ మాట చెప్పడానికి మీరు ఒక్కరే వెళ్ళండి. బండి కట్టేసి గిన్నెలు కడుక్కుని కాస్త నడుం వాల్చి లేచిన తర్వాత, మధ్యాహ్నం వేళ వెళ్ళండి. కేకలేసినందుకు మీ ఆయన తరపున ఒక మాట అనడం కూడా మరవకండి.

కానీ వెళ్ళే ముందు మీ వసారా సంగతి. అదీ ఇదీ ఒకటేనా అని అడిగారు. చట్టం కళ్ళకు ఒకటే, నిజానికి మీ మామగారి పాటల మీదనే నియమాలు ఇంకా నేరుగా మాట్లాడుతున్నాయి. సొంత స్థలంలో పెట్టుకున్న పాటల పరికరం శబ్దం ఆ స్థలం సరిహద్దు దగ్గర ఆ ప్రాంతపు హద్దు కన్నా ఐదు డెసిబెళ్ళకు మించి ఎక్కువ ఉండరాదు. ఐదు గంటలు ఇంకా రాత్రే కాబట్టి మీ ప్రహరీ దగ్గర 50 దాటకూడదు, 50 అంటే ఇద్దరు మనుషులు కూర్చుని నెమ్మదిగా మాట్లాడుకున్నంత. ప్రార్థన పేరుతో మైకుల ద్వారా ఇతరుల ప్రశాంతతను భంగపరచమని ఏ మతమూ చెప్పదని సుప్రీంకోర్టు 2000లో ఒక చర్చి కేసులో తీర్పు ఇచ్చింది. ఆ మాట అన్ని మతాలకూ వర్తించేదే. మామగారిని నొప్పించకుండా, ఆరయ్యే దాకా పాటల పెట్టెను పూజగదిలోకి మార్చి చిన్నగా పెట్టుకోమని అడగండి. ఆ మార్పు జరిగిన మర్నాడు పక్కింటికి వెళితే మీ మాటకు విలువ రెండింతలు అవుతుంది.

వినాయక చవితి మైకుల గురించి ఆవిడ అన్న మాటలో న్యాయం ఉంది, దాన్ని ఎగతాళిగా తీసుకోకండి. నియమం ప్రకారం రాతపూర్వకమైన అనుమతి లేకుండా లౌడ్‌స్పీకరు పెట్టరాదు, రాత్రి పది తర్వాత బహిరంగంగా అసలే పెట్టరాదు. పండుగల కోసం రాష్ట్ర ప్రభుత్వం ఏడాదికి పదిహేను రోజులకు మించకుండా అర్ధరాత్రి పన్నెండు వరకు సడలింపు ఇవ్వవచ్చు, దాన్ని సుప్రీంకోర్టు 2005లో సమర్థించింది కూడా. అయితే ఆ సడలింపు వేళకే గానీ మోతకు కాదు. బహిరంగ స్థలంలో మైకు పెట్టినా ఆ స్థలం అంచున శబ్దం ప్రాంతపు హద్దు కన్నా పది ఎక్కువ లేదా 75, ఈ రెండింట్లో ఏది తక్కువైతే దాన్ని దాటకూడదు. మన ఊళ్ళో కేసీ కాలువ దగ్గర వినాయక ఘాట్‌కు నిమజ్జనానికి పోయే ఊరేగింపుల్లో ఈ అంకెలు ఎంత మేరకు నిలుస్తున్నాయో మీకూ నాకూ తెలుసు. మందిని అడగలేని చోట ఊరుకుని ఒంటరి మనిషిని అడుగుతున్నామన్నది ఆవిడ బాధ. వచ్చే చవితికి మీ వీధి పందిరి వాళ్ళతో పదికి మైకు కట్టేయమని ఇద్దరూ కలిసి మాట్లాడతామని మీరే అనవచ్చు.

కరెంటు మీటరు సలహా ఇచ్చిన మీ మరిదికి నా తరపున వద్దని చెప్పండి. ఇంటి కనెక్షన్ మీద వ్యాపారం చేయడం తప్పే కావచ్చు, తనిఖీకి వచ్చి అపరాధ రుసుము వేయవచ్చు. కానీ ఆ తర్వాత ఆవిడ వాణిజ్య కనెక్షన్ తీసుకుని, మూడున్నరకే, ఈసారి నిశ్చింతగా, రుబ్బుకుంటారు. మీ బాధ శబ్దం, దానికి మందు అక్కడ లేదు.

మాటతో పని జరగకపోతే ఏమి చేయాలో కూడా చెప్పాలి. పది పదిహేను రోజులు తేదీ, మొదలైన వేళ, ఆగిన వేళ, ఫోను కొలత ఒక నోటుబుక్కులో రాయండి. మోత నడుస్తున్న వేళలోనే 112కు ఫోను చేస్తే పోలీసులు వచ్చి చెప్పి ఆపించగలరు, ఒకటి రెండు రోజులు ఆగుతుంది కూడా. కానీ సాధారణ ప్రజా ఉపద్రవానికి భారతీయ న్యాయ సంహిత 292వ సెక్షను వేసే జరిమానా వెయ్యి రూపాయలకు మించదని తెలుసుకుని వెళ్ళండి. శబ్ద నియమాల కింద చర్య తీసుకునే అధికారం జిల్లా మేజిస్ట్రేటు అయిన కలెక్టరుకు గానీ, నియమించిన పోలీసు అధికారికి గానీ ఉంటుంది, ఆ అధికారి డీఎస్పీ స్థాయికి తగ్గరాదు. కలెక్టరేటులో సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి, కాలుష్య నియంత్రణ మండలి చేత తెల్లవారుజామున కొలత తీయించమని అందులో స్పష్టంగా కోరండి. పగలు వచ్చి కొలిచి ఏమీ లేదని రాసుకుపోయే ప్రమాదం ఉంది కనుక వేళను తప్పక రాయండి. భారతీయ నాగరిక సురక్షా సంహిత 152వ సెక్షను కింద ఆర్డీవో వంటి ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు ఉపద్రవాన్ని తొలగించమని ఆదేశించగలరు కానీ, అది నలుగురికీ కలిగే ఇబ్బంది అయి ఉండాలి. మీ ఒక్క ఇంటి బాధ అయితే సివిల్ కోర్టు, అంటే వాయిదాలు.

అంతకన్నా నాకు నమ్మకమున్న దారి జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థ. కేసు వేయక ముందే తెల్ల కాగితం మీద అర్జీ ఇస్తే వారు పక్కింటి ఆవిడకు నోటీసు పంపి ఇద్దరినీ కూర్చోబెడతారు. దీనికి కోర్టు రుసుము లేదు, స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును కూడా ఇస్తారు. ఆ సౌకర్యం మీకు ఎంత ఉందో ఆవిడకూ అంతే ఉంది. "ఉదయం ఆరుకు ముందు గ్రైండరు వేయను" అని ఆ సంస్థ జరిపే రాజీ వేదిక అయిన లోక్ అదాలత్‌లో ఇద్దరూ ఒప్పుకుని సంతకం చేస్తే అది సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. పోలీసు జీపు ఇంటి ముందు ఆగిన తర్వాత మళ్ళీ ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం కష్టం. లోక్ అదాలత్ నుంచి ఇద్దరూ ఒకే ఆటోలో తిరిగి వచ్చిన సందర్భాలు నేను చూశాను.

ఇవన్నీ తేలడానికి ఎంత లేదన్నా కొన్ని వారాలు పడుతుంది, మీ అబ్బాయి నిద్ర అప్పటి దాకా ఆగదు. నిద్రపోయే గదిలో శబ్దం 30 డెసిబెళ్ళకు మించకుండా ఉంటే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది, మీ గది దానికి చాలా దూరంలో ఉంది. ఈ రాత్రికే వాడి మంచాన్ని ఆ గోడ నుంచి లాగి ఎదురు గోడ వైపు వేయండి. అయితే ఆ గోడకు కూడా తల వైపు చెక్క తగలకుండా నాలుగు వేళ్ళ సందు వదలండి. పుస్తకాల బీరువాను తెచ్చి ఖాళీ అయిన ఉమ్మడి గోడ ముందు, దానికి ఆనకుండా నిలబెట్టండి. రేపు నాలుగు గంటలకు ఫోనును కొత్త చోట దిండు మీద పెట్టి కొలిచి, నోటుబుక్కు మొదటి పేజీలో 62 పక్కన ఆ అంకె రాయండి.